నొప్పి చెప్పని కిడ్నీ

మాది కవిటి దగ్గర ఊరు. కొబ్బరి, జీడితోటల ఉద్దానం. పెదనాన్న పొద్దున్నే తోటకెళ్తే చీకటిపడ్డాకే ఇంటికి. "పరీక్ష చేయించుకో" అంటే "నాకేటైందిరా?" అనేవారు. తీరా చేయిస్తే క్రియాటినిన్ 6 దాటేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు.

తప్పు ఆయనది కాదు, కిడ్నీ తీరే అంత. ఒక్కోదాంట్లో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయి. అందులో మూత్రంగా పోయేది లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా మళ్లీ రక్తంలోకే. కొన్ని నెఫ్రాన్లు పాడైతే వాటి పని కూడా మిగిలినవే ఎత్తుకుంటాయి. మా ఆఫీసులో ఒక సర్వర్ ఆగిపోతే పక్కవి లోడు మోసినట్టే. వాడేవాళ్లకి తేడా తెలీదు. కాకపోతే మా సర్వర్లకి అలారం ఉంటుంది. కిడ్నీ సగం పోయినా నొప్పి ఉండదు. రక్త, మూత్ర పరీక్షలే దాని అలారం.

ఉద్దానంలో ఈ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. కానీ అక్కడిదాకా మనం కదలాలి కదా!

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లి నాన్నని పరీక్షకి రమ్మన్నాను. "నాకేటైందిరా?" అన్నారు, అచ్చం పెదనాన్నలాగే. ముందు నా చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇచ్చాను. అప్పుడు ఆయనా చెయ్యి చాపారు.