అటక మీద బియ్యం, గుహలో క్రూడాయిల్

కిరాణా కొట్టుకెళ్లి "బియ్యం రేటు కాస్త తగ్గించు బాబాయ్" అన్నాం. "నిరుడు చవగ్గా కొని అటక మీద పెట్టావుగా, ముందు అవి వండుకో" అన్నాడాయన. ఒళ్లు మండుతుందా లేదా?

2021 మార్చిలో సౌదీ అరేబియా మనకు దాదాపు ఇదే మాట చెప్పింది. క్రూడ్ ధరంటే ట్రేడింగ్ యాప్‌లో కదిలే గీత అనుకునే నాకు, దాని వెనక ఇంత మాటామాటా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అసలు కథ ఏడాది ముందు మొదలైంది. 2020 మార్చిలో ఉత్పత్తి తగ్గించే విషయంలో సౌదీకి, రష్యాకి కుదర్లేదు. సౌదీ పంతానికి పోయి రేట్లు కోసేసింది. అదే టైంలో లాక్‌డౌన్‌లు. ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ మే నెల కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే, తీసుకెళ్తే ఎదురు డబ్బులిస్తామన్నట్టు!

ఏప్రిల్, మే నెలల్లో మన ప్రభుత్వం ఓ తెలివైన పని చేసింది. విశాఖపట్నం, మంగళూరు, పాదూరుల్లో భూమి కింద ఉన్న రాతి గుహల్ని సగటున బ్యారెల్ 19 డాలర్లకు కొన్న క్రూడ్‌తో నింపేసింది.

తర్వాత ఒపెక్ ప్లస్ దేశాలు ఉత్పత్తి బాగా తగ్గించాయి. 2021 మార్చికి ధర 60 డాలర్లు దాటింది. కోతలు సడలించమని మనం అడిగాం. మార్చి 4న మీటింగ్ అయ్యాక విలేకరులు ఇదే అడిగితే, సౌదీ ఇంధన మంత్రి అబ్దులజీజ్ బిన్ సల్మాన్ 'నిరుడు చవగ్గా కొన్నది వాడుకోండి' అనే అర్థంలో జవాబిచ్చారు. స్నేహితుడు అనాల్సిన మాట కాదని మన మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ నొచ్చుకున్నారు.

నాకూ కోపమొచ్చింది. కానీ లెక్క చూశాక తగ్గింది. మూడు గుహలూ నిండితే దేశానికి సరిపోయేది 9.5 రోజులకే. అది యుద్ధమొచ్చి ఓడలు ఆగితే వాడుకునే బ్యాకప్. దాన్ని చూపించి నెలల తరబడి బేరమాడలేం. వాడుకునే క్రూడ్‌లో దాదాపు 85 శాతం బయట కొనేవాళ్లం మరి.

ఇంకోటి. 2020లో క్రూడ్ పడిపోయినా బంకులో మనకేమీ కలిసి రాలేదు. కేంద్రం ఎక్సైజ్ పెంచుకుంటూ పోయి లీటరు పెట్రోల్‌పై 32.98 రూపాయలకు చేర్చింది. ప్రిన్స్‌ను తిట్టుకునేటప్పుడు ఇదీ గుర్తుండాలి.

2021 నవంబర్‌లో అమెరికాతో కలిసి మన నిల్వల్లోంచి 50 లక్షల బ్యారెళ్లు బయటికి తీస్తామన్నాం. అది మన దేశం సుమారు ఒక్కరోజు వాడేంత! అదే నెల దీపావళి ముందు కేంద్రం పెట్రోల్‌పై ఎక్సైజ్ 5 రూపాయలు తగ్గించింది. బంకులో నాకు తేడా తెలిసింది దానివల్లే.

మరి మన మాటకు బలం ఎప్పుడొచ్చింది? 2022లో, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత. యూరప్ వద్దన్న క్రూడ్‌ని రష్యా డిస్కౌంట్‌లో అమ్మింది. అమెరికా, యూరప్ గునిసినా మనం కొన్నాం. ఏడాది తిరిగేలోపే మనకు ఎక్కువ క్రూడ్ అమ్మే దేశం రష్యా అయింది.

అటక మీద ఎంతుందన్నది ఆపదలో పనికొస్తుంది. బేరానికి మాత్రం పక్క వీధిలో ఇంకో కొట్టుండాలి.