బొమ్మలు కదిలితే చాలదు, కథ కదలాలి

2025 శ్రావణ మాసంలో ఓ ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలిని వెంటబెట్టుకుని గాంధీనగర్‌లో సినిమాకి వెళ్లాను. 'మహావతార్ నరసింహ'. బొమ్మల సినిమా కదా, హాలు ఖాళీగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే కాలు పెట్టడానికి సందు లేదు. పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, మనవల చేయి పట్టుకుని వచ్చిన బామ్మలు, కాలేజీ కుర్రాళ్లు. మా ముందు వరసలో ఒక పెద్దావిడ చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని మరీ కూర్చుంది. స్తంభం పగిలి స్వామి బయటికి రాగానే హాల్లో సగం మంది చేతులెత్తి దండం పెట్టారు. నేనూ పెట్టాను. అబద్ధమెందుకు, ఒళ్లు జలదరించింది.

బయటికొచ్చి ఆటో ఎక్కాక మా ఏడేళ్ల మనవరాలు అడిగింది: "అమ్మమ్మా, వాళ్ల నాన్న అన్నిసార్లు చంపబోతుంటే వాళ్లమ్మ ఏం చేసింది?"

"ఏడ్చింది తల్లీ" అన్నాను.

"ఏడిస్తే సరిపోతుందా?" అంది.

ఏలూరు రోడ్డు దాటి ఇల్లు చేరేదాకా నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్నే ఈ వారం నా చేత ఈ నాలుగు మాటలూ రాయిస్తోంది.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో 2025 జూలై 25న వచ్చిన ఆ సినిమా మూడొందల కోట్ల రూపాయల పైచిలుకు వసూలు చేసింది. పేరున్న హీరో లేడు, హీరోయిన్ లేదు. ఉన్నదల్లా మనకు తెలిసిన కథ. దితి కోరికతో మొదలై, వరాహావతారం మీదుగా నడిచి, నరసింహుడి దగ్గర ముగుస్తుంది. బొమ్మల సినిమా అంటే చిన్నపిల్లలకు కాలక్షేపం అనే మాటను ఆ ఒక్క సినిమా తుడిచి పెట్టేసింది.

ఈ కథతో మన తెలుగువాళ్లకున్న చుట్టరికం ఇంతా అంతా కాదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీయే 'భక్త ప్రహ్లాద'. అందులో లీలావతి సురభి కమలాబాయి. 1967లో రంగుల్లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, అంజలీదేవి లీలావతి. ఆ సినిమా చూసినవాళ్లకి రంగారావు గద ఎంత గుర్తుందో, భర్తకీ బిడ్డకీ మధ్య నలిగిపోయే ఆ తల్లి ముఖం కూడా అంతే గుర్తుంటుంది.

ఇక్కడే నా ఫిర్యాదు. ఈనాటి బొమ్మల సినిమాల్లో గద బాగుంటుంది, కిరీటం మీద రాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టచ్చు, కొండలు పిండైపోతాయి. ఆ శ్రద్ధలో పావువంతు తల్లి కంటి మీద పెట్టరు. బొమ్మని ఏడిపించడం కష్టం, కొట్టించడం తేలిక కాబోలు! యుద్ధం అరగంట సాగుతుంది. యుద్ధానికి ముందు ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరు అన్నం తిన్నారో, ఎవరు తినలేదో మనకి చెప్పరు. నా మటుకు నాకు కథంతా అక్కడే ఉంటుంది.

ఇదొక్క సినిమా మాటే కాదు. 2024 మే నెలలో 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్' అని బొమ్మల ధారావాహిక వచ్చింది. మాహిష్మతి మీదికి రక్తదేవుడనేవాడు దండెత్తి వస్తాడు. మా ఇంట్లో మగపిల్లలు కన్నార్పకుండా చూశారు. నేనూ కూర్చున్నాను. అసలు 'బాహుబలి' సినిమాలో శివగామి పసిబిడ్డని చేతుల్లో పెట్టుకుని సింహాసనం ఎదుట నిలబడితే మనకి గుండె ఆగింది. ఆ ధారావాహికలో అటువంటి ఒక్క క్షణం కోసం ఎదురు చూస్తూనే ఉన్నాను. కత్తులు మాత్రం ఆగలేదు.

ఈ విద్య మనకి కొత్తేమీ కాదు సుమండీ. 2006లో బి. సత్య తీసిన 'కిట్టు' తెలుగులో తొలి యానిమేషన్ చిత్రం. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. 2008లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఘటోత్కచ' తీశారు. దేశమంతా పిల్లలు చూసే 'ఛోటా భీమ్' పుట్టిల్లు హైదరాబాదే. రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసింది. 2008 నుంచి టీవీలో వస్తోంది.

ఆ భీమ్ దగ్గరికే వద్దాం, ఎందుకంటే సినిమా ఏడాదికి ఒకటి, భీమ్ రోజూ మన ఇంట్లో ఉంటాడు. ఢోలక్‌పూర్‌కి ఆపద వస్తుంది. భీమ్ లడ్డూ తింటాడు. బలం వస్తుంది. దుష్టుడు గాల్లోకి ఎగిరి పడతాడు. కథ కంచికి, మన పిల్లలు మరో ఎపిసోడ్‌కి! ఆ లడ్డూలు చేసేది చుట్కీ వాళ్లమ్మ టున్‌టున్. తెలివైన చుట్కీ చాలాసార్లు చేసే పని లడ్డూ అందించడం. మా మనవరాలు ఆటలో ఎప్పుడూ భీమ్ అవుతానంటుంది, చుట్కీ అవమంటే మూతి ముడుస్తుంది. దానిది తప్పా? లడ్డూ తినేవాడి కథ రోజూ చెప్పి, లడ్డూ చుట్టినవాళ్ల కథ ఒక్కరోజూ చెప్పకపోతే ఏ ఆడపిల్ల మాత్రం చుట్కీ అవుతుంది?

అయితే అదే సంస్థ 2019లో 'మైటీ లిటిల్ భీమ్' తీసింది. ఇంకా మాటలు రాని పసి భీముడు. సంభాషణలే లేవు. పాకుతాడు, గిన్నె దొర్లిస్తాడు, మిఠాయి కోసం నానా తంటాలూ పడతాడు, వెనకాలే వాళ్లమ్మ. చూస్తుంటే మన ఇంట్లో పది నెలల పిల్లాణ్ణి చూసినట్టే ఉంటుంది. మాటల్లేకపోయినా దేశదేశాల పిల్లలకి అర్థమైంది. కథ చెప్పడానికి పెద్ద యుద్ధం అక్కర్లేదనడానికి మనవాళ్లే సాక్ష్యం ఇచ్చారన్నమాట.

జపాన్‌లో హయావో మియాజాకి 1988లో తీసిన 'మై నైబర్ టోటోరో' చూశారా? వీలైతే చూడండి. అక్కాచెల్లెళ్లిద్దరు తండ్రితో పల్లెటూరి ఇంటికి వస్తారు. తల్లి ఆసుపత్రిలో ఉంటుంది. అందులో దుష్టుడు లేడు. వరిపొలాలు, గట్లు, చెట్లు, వానలో బస్సు కోసం ఎదురుచూడటం... అంతే. అమ్మకి ఏమవుతుందోనన్న బెంగ మాత్రం కథ అడుగున కాలవలా పారుతూనే ఉంటుంది. అవనిగడ్డ వైపు కాలవగట్టు మీద పెరిగిన నాకు అది పరాయి దేశం సినిమా అనిపించనే లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది కాస్త బరువైన సంగతి. 2024 జూన్‌లో 'ఇన్‌సైడ్ ఔట్ 2' వచ్చింది. రైలీ అనే పదమూడేళ్ల పిల్ల బుర్రలో సంతోషం, దిగులు, కోపం, భయం మనుషుల్లా తిరుగుతుంటాయి. కొత్తగా ఆదుర్దా వచ్చి చేరుతుంది. నారింజ రంగు బొమ్మ, నెత్తిన చీపురులాంటి జుట్టు. 'రేపు ఓడిపోతే? వాళ్లు నవ్వితే? నేను చాలకపోతే?' అంటూ ఆ పిల్ల బుర్రనంతా తన చేతుల్లోకి తీసేసుకుంటుంది. చివరికి ఆటస్థలంలోనే ఊపిరాడక గుండె పట్టుకుని కూలబడుతుంది రైలీ.

మా పక్కింటి అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. హాస్టల్లో ఉండి చదువుతుంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మా ఇంట్లో కూర్చుని ఆ సినిమా చూసింది. ఆ దృశ్యం వచ్చేసరికి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్తే, "ఆంటీ, ఆ ఆరెంజ్ పిల్ల నా బుర్రలో పొద్దున నాలుగున్నరకి లేస్తుంది" అంది. అప్పటిదాకా వాళ్లమ్మకి ఆ పిల్ల చెప్పిందల్లా 'బానే ఉన్నానమ్మా' అనే మాట ఒక్కటే. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు వాళ్లమ్మ నాతో, "వారం వారం మార్కులు అడిగాను వదినా, నిద్రపడుతోందా అని ఒక్కసారీ అడగలేదు" అంది.

వీధి వీధికీ కాలేజీ బోర్డులున్న ఊరు మనది. మన ఊళ్లో ఎన్ని గదుల్లో, ఎన్ని మంచాల మీద ఆ నారింజ రంగు పిల్ల నాలుగున్నరకి లేస్తోందో! ఎక్కడో అమెరికాలో గీసిన బొమ్మ వచ్చి చెబితే తప్ప మన పిల్ల బాధ మనకి తెలియలేదు. మంచి కథ చేసే పని అది. కథ అంటే ఏమిటో మరిచిపోయి మనం మెరుపులకి చప్పట్లు కొడుతున్నాం.

భాష సంగతి కూడా ఒక మాట. కొంతమంది పిల్లలు కార్టూన్లు చూసి చూసి అమ్మతోనూ హిందీలోనే మారాం చేస్తున్నారు. తెలుగులో వచ్చేవాటిలోనూ కొన్ని మాటలు ఎక్కడా ఎవరూ మాట్లాడనివి. అదే, 2024 డిసెంబర్‌లో 'ముఫాసా' వచ్చినప్పుడు మహేష్‌బాబు సింహానికి, బ్రహ్మానందం, అలీ పుంబా, టిమోన్‌లకి గొంతు ఇచ్చారు. పందీ ముంగిసా మన ఇంటి పక్కవాళ్లలా కొట్లాడుకుంటుంటే మా పిల్లలు పడీపడీ నవ్వారు. పిల్లలు తమ భాషలో నవ్వితే ఆ కథ వాళ్ల సొంతమవుతుంది.

మనకి కథలు లేవా? 'చందమామ'ను దశాబ్దాలపాటు నడిపించిన చక్రపాణి గారూ, కొడవటిగంటి కుటుంబరావు గారూ మన తెనాలి మనుషులే. బేతాళ కథ చివర ఒక ప్రశ్న ఉండేది, గుర్తుందా? పుస్తకం మూసి ఇంట్లో అందరం వాదించుకునేవాళ్లం. కొల్లేటి మీదికి ఏటా ఆటపాకకి వచ్చే గూడబాతులున్నాయి. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటి దివిసీమ ఉంది. కొండపల్లి బొమ్మలున్నాయి, కూచిపూడి భామ ఉంది. వీటిలో ఏ ఒక్కదాన్నైనా ఒక ఆడపిల్ల కంటితో చూసి, నిదానంగా చెప్పేవాళ్లు కావాలి.

అంతవరకూ మనం చేయగలిగిందొకటుంది. అన్నం ముద్దకి అడ్డుపెట్టుగా ఫోను ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోకుండా, వారానికి ఒక్కరోజు పిల్లల పక్కన కూర్చుని చూద్దాం. అయ్యాక ఒక్క ప్రశ్న అడుగుదాం. 'నువ్వైతే ఏం చేసేదానివి?' అని. మిగతాది వాళ్లే చెబుతారు.

మా మనవరాలి ప్రశ్నకి జవాబు తర్వాతి శనివారం మంగళగిరిలో దొరికింది. పానకాల స్వామికి పానకం పోయించి, మెట్ల మీద కూర్చుని చెప్పాను. హిరణ్యకశిపుడు తపస్సుకి వెళ్లినప్పుడు కడుపుతో ఉన్న ఆ తల్లిని ఇంద్రుడు ఈడ్చుకుపోతుంటే నారదుడు అడ్డుపడి ఆశ్రమంలో దాచాడనీ, అక్కడ ఆమెకి చెప్పిన జ్ఞానాన్నే కడుపులోని ప్రహ్లాదుడు విన్నాడనీ.

"అయితే ముందు విన్నది అమ్మే కదా! మరి అమ్మ ఎందుకు చెప్పలేదు?" అంది.

చాలా కాలమైంది కనుకా, ఆడది కనుకా మా అమ్మ మరిచిపోయిందని భాగవతంలో ప్రహ్లాదుడే అంటాడు. ఆ మాట దానికి చెప్పబుద్ధి కాలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. నిజంగా మరిచిపోయిందా, లేక ఆ ఇంట్లో ఆమెని నోరు తెరవనివ్వలేదా? ఆ తల్లి కథని బొమ్మల్లో ఎవరైనా తీస్తే మొదటి రోజు మొదటి ఆటకి నేనూ మా మనవరాలూ ముందు వరసలో ఉంటాం.