పిల్లల పుస్తకాల్లో కొత్త పురాణాలు

పోయిన ఆగస్టు 15కి మా కిమ్‌లో ఉండే తెలుగువాళ్ళు పిల్లలకు ఆటల పోటీలు పెట్టారు. బహుమతులు కొనే పని నా మీద పడింది. "మీరు హేతువాదులు కదా, ప్లాస్టిక్ డబ్బాలు కాకుండా మంచి పుస్తకాలు తెస్తారు" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. సరేనని మహనీయుల జీవితాల మీద రంగుల బొమ్మల పుస్తకాలు ఓ ఇరవై తెచ్చాను. కొన్ని తెలుగువి, కొన్ని గుజరాతీవి. గాంధీ, అంబేడ్కర్, భగత్ సింగ్, సావిత్రీబాయి ఫూలే, మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్. అట్టలు బాగున్నాయి. పేర్లు మంచివి. లోపల ఏముందో చదవకుండానే పంచేశాను. అది నా మొదటి తప్పు.

కిమ్ తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఇది సూరత్ జిల్లాలో, ముంబయి నుంచి వడోదర వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరు. చుట్టూ మరమగ్గాల కార్ఖానాలు. మా సిరిసిల్ల వైపు వాటిని సాంచెలంటారు. ఆ సాంచెల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్ళ పిల్లలే మా పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ. నేను ఇక్కడ ఒక కార్ఖానాలో చాలాకాలం లెక్కలు రాశాను.

వారం తర్వాత ఏడో తరగతి చదివే ఒక పిల్ల పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. బహుమతి తిరిగి ఇవ్వక్కర్లేదమ్మా అన్నాను. "నా దోస్తులవి గూడ చదివిన తాతా. అన్నీ ఒక్కతీరే ఉన్నయి. పేరు మారిస్తే ఎవరి కథనో తెలుస్తలేదు" అంది. నవ్వొచ్చింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకు మాత్రం నవ్వు రాలేదు.

"మా నాయిన గూడ అబద్ధమాడడు, తాగడు, రాత్రంత కష్టపడ్తడు. మరి మా నాయిన ఎందుకు గొప్పోడు కాలే?"

ఆ పూటే ఆ పుస్తకాలన్నీ అడిగి తెచ్చుకుని చదివాను. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. అన్నిటికీ ఒకటే అచ్చు. బీద ఇల్లు, మంచి తల్లి, దీపం కింద చదువు, ఒక అవమానం, దానికి ఓర్పు, చివరికి విజయం, ఆఖరి పేజీలో దండ వేసిన ఫోటో, కింద "మనమూ వారి బాటలో నడుద్దాం" అనే నీతి. ఏ బాట? ఆ బాటలో ఎవరు అడ్డం నిలబడ్డారు? ఎవరితో కలిసి నడిచారు? ఎక్కడ తడబడ్డారు? ఒక్క ముక్క లేదు.

నేను దీన్ని పురాణం అంటాను. దేవుడు లేకపోయినా పురాణమే. పుట్టుకతోనే గుణవంతుడు, గుణం వల్ల విజయం. దీన్ని తిరగేస్తే ఏమవుతుంది? విజయం లేనివాడికి గుణం లేదని అర్థం. పూర్వజన్మలో పాపం చేశావు గనక ఈ జన్మలో బీదవాడివయ్యావని కర్మ సిద్ధాంతం చెప్పింది. నీలో పట్టుదల లేదు గనక బీదవాడివయ్యావని ఈ పుస్తకం చెబుతోంది. తేడా ఎక్కడుంది? కర్మ సిద్ధాంతానికి వ్యక్తిత్వ వికాసం అనే కొత్త చొక్కా తొడిగారు, అంతే. ఆ పిల్ల తన తండ్రి తరఫున అడిగింది ఈ ప్రశ్నే.

మా తాలూకాలోనే ఉన్న ఒక ఉదాహరణ చెబుతాను.

గాంధీ పుస్తకంలో దండి యాత్రకు రెండు పేజీలు ఇచ్చారు. 1930 మార్చి 12న 78 మందితో సబర్మతి నుంచి బయలుదేరారు, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. మధ్యలో అందరూ నవ్వుతూ నడుస్తున్న బొమ్మ. ఆ నడిచినవాళ్ళలో మన ఆంధ్ర నుంచి వచ్చిన ఎర్నేని సుబ్రహ్మణ్యం గారూ ఉన్నారు. తెలుగు పుస్తకంలో కూడా ఆయన పేరు లేదు. అది అలా ఉంచండి. ఆ మధ్య దారిలోనే మా ఓల్పాడ్ తాలూకా ఉంది, అందులో భట్‌గాం అనే పల్లె ఉంది. 1930 మార్చి 29న గాంధీ అక్కడ మాట్లాడారు. అది ఇంగ్లీషువాళ్ళను తిట్టిన ఉపన్యాసం కాదు. తన మనుషుల్నీ తననూ అందరి ముందూ నిలదీసుకున్న ఉపన్యాసం.

జరిగింది ఇది. యాత్రికుల కోసం సూరత్ నుంచి పాలు తెప్పించారు. సామాన్లకు మోటారు లారీ వాడారు. రాత్రి నడకలో వెలుతురు కోసం బరువైన కిట్సన్ దీపాన్ని ఒక పీట మీద పెట్టి, ఆ పీటను కూలీ తలకెత్తారు. తల మీద మండుతున్న దీపంతో అతన్ని వేగంగా నడవమని తరిమారు. అది చూడలేక గాంధీ వేగం పెంచి అందరికంటే ముందుకు వెళ్ళిపోయారు. ఫలితం? ఆ కూలీని ఆయన వెనకాల పరుగెత్తించారు.

యాత్రకు ముందు, మార్చి 2న, గాంధీ వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాశారు. నీ జీతం నెలకు 21 వేల రూపాయలు, అంటే రోజుకు 700 పైన, ఈ దేశంలో మనిషి సగటు సంపాదన రోజుకు రెండణాలు కూడా లేదు అని లెక్క చూపించారు. భట్‌గాంలో ఆ లెక్కనే తన మీదికి తిప్పుకున్నారు. జనం స్తోమతుకు మించి మనం ఖర్చు పెట్టిస్తుంటే వైస్రాయ్‌ని అడిగే హక్కు మనకెక్కడిది అన్నారు.

దండిలో పిడికెడు ఉప్పు కంటే భట్‌గాంలో ఈ మాట పిల్లలకు ఎక్కువ పనికొస్తుందని నా వాదన. ఎందుకంటే సామ్రాజ్యాన్ని ఎదిరించే అవకాశం ఏడో తరగతి పిల్లకు రేపు ఉదయం రాదు. తన జట్టు చేసే తప్పును జట్టులో నిలబడి చెప్పే అవకాశం రేపు ఉదయమే వస్తుంది. సూరత్ జిల్లాలో అమ్ముతున్న గాంధీ పుస్తకంలో సూరత్ జిల్లాలో జరిగిన ఈ సంగతి లేకపోవడం ఏమిటి? మహాత్ముడి యాత్రలో కూలీ తల మీద దీపం ఉండకూడదు గనక తీసేశారు.

ఇక అంబేడ్కర్ పుస్తకం. బడిలో అవమానాలు, కష్టపడి చదువు, విదేశీ పట్టాలు, రాజ్యాంగం. నీతి: చదువుకుంటే గౌరవం దానంతట అదే వస్తుంది. మరి 1917లో ఏం జరిగింది? బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో కొలంబియాలో ఎం.ఏ. చేసి, లండన్‌లోనూ చదివి, ఆ సంస్థానంలో కొలువుకు వచ్చారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ చోటివ్వలేదు. కామాటీ బాగ్ అనే తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. ఆ బండి మా కిమ్ మీదుగానే పోవాలి. ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో స్వయంగా రాసుకున్నారు.

ఈ సంగతి పుస్తకంలో ఎందుకు లేదో ఆలోచించండి. ఇది చిన్నప్పటి అవమానమైతే పెట్టేవారు, ఓర్పుకు పాఠంగా పనికొచ్చేది. ఇది చదువు తర్వాత జరిగింది. పుస్తకం నీతిని పుస్తక నాయకుడి జీవితమే అబద్ధం చేస్తోంది. చదువు ఒక్కటే కులాన్ని పోగొట్టదని ఆయనకు బాగా తెలుసు. 1936లో లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు ఆయన్ను అధ్యక్షత వహించమని పిలిచి, రాసిన ప్రసంగం చూసి భయపడి సభనే ఎత్తేశారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో 'కుల నిర్మూలన' పేరుతో అచ్చు వేశారు. పిల్లల పుస్తకంలో ఈ తిరుగుబాటు మనిషి లేడు, ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఉన్నాడు.

ఇది మన దేశపు జబ్బే కాదు. రోజా పార్క్స్ పుస్తకంలో ఏముంది? పని చేసి అలసిపోయిన కుట్టుపని ఆవిడ 1955 డిసెంబర్ 1న బస్సులో సీటు ఇవ్వనంది, మర్నాటి నుంచి దేశం మారిపోయింది. ఆవిడ 1943 నుంచి మాంట్‌గోమరీలో నల్లజాతి హక్కుల సంఘానికి కార్యదర్శి అనీ, ఆ వేసవిలోనే హైలాండర్ ఫోక్ స్కూల్లో ఉద్యమ శిక్షణ పొందిందనీ లేదు. అదే ఊళ్ళో అదే ఏడు మార్చి 2న క్లోడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ పిల్ల సీటు ఇవ్వకుండా అరెస్టయిందని లేదు. రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీసిన జో ఆన్ రాబిన్సన్ లేదు. 381 రోజులు బస్సెక్కకుండా పనికి నడిచిన వంటమనుషులూ చాకిరీ చేసే ఆడవాళ్ళూ లేరు. సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని, కోర్టుకెళ్ళి గెలిచిన పోరాటాన్ని ఒక మంచి మనిషి కాళ్ళ నొప్పిగా మార్చేశారు. సాంచెల మీద పనిచేసే తండ్రి ఉన్న పిల్లకు ఇందులో దాచింది ఏమిటో వేరే చెప్పాలా? సంఘం అనే మాటనే దాచారు.

భగత్ సింగ్‌ది మరీ అన్యాయం. ఉరికొయ్య ఉంది, మీసం ఉంది, టోపీ ఉంది. తాను నాస్తికుణ్ణి ఎందుకయ్యానో 1930లో లాహోర్ జైల్లో రాసిన వ్యాసం లేదు. ప్రాణం పోయే ముందు కూడా దేవుణ్ణి తలచుకోని మనిషి ఫోటోకు బొట్టు పెట్టి పిల్లల చేతికిస్తారు.

మహనీయుల పొరపాట్లు మాత్రం పిల్లలకు చెప్పకూడదట! 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చింది. అది అంటరానితనం అనే పాపానికి శిక్ష అన్నారు గాంధీ. ప్రకృతి సంఘటనకు అలాంటి కారణం చెప్పడం తప్పని రవీంద్రనాథ్ ఠాగూర్ ఖండించారు. గాంధీ ఆ ఖండనను తన 'హరిజన్' పత్రికలోనే అచ్చు వేశారు, అయినా తన మాట మార్చుకోలేదు. ఇంత మంచి విజ్ఞాన పాఠం ఏ పిల్లల పుస్తకంలో ఉంది? గొప్పవాడు కూడా అశాస్త్రీయంగా మాట్లాడొచ్చు. అభిమానం ఉన్నవాళ్ళే కాదనొచ్చు. కాదన్నవాణ్ణి శత్రువుగా చూడక్కర్లేదు. ఇవన్నీ పదేళ్ళ పిల్లకు అర్థమవుతాయి.

ఇదే గాంధీ మన గోరా గారితో వాదించారు. గోరా కూతురి కులాంతర వివాహాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి ఒప్పుకుని, నాస్తికుల కోసం ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అనే మాట పెట్టడానికీ అంగీకరించారు. గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. గోరా ఈ సంభాషణల్ని రాస్తే 1951లో అచ్చు వేసింది అహ్మదాబాద్ నవజీవన్ వాళ్ళే. గుజరాత్‌లో అచ్చయిన తెలుగువాడి పుస్తకం! గుజరాత్‌లోని తెలుగు పిల్లలకు ఈ కథ ఎవరు చెప్పాలి?

"పిల్లలకు ఆదర్శం కావాలండీ, ఈ వివాదాలు పెద్దయ్యాక తెలుసుకుంటారు" అని కొందరు మిత్రులన్నారు. పెద్దయ్యాక రెండే జరుగుతాయి. తెలుసుకోనివాళ్ళు భక్తులవుతారు. తెలుసుకున్నవాళ్ళు "అన్నీ అబద్ధాలే" అని మొత్తం మనిషినే విసిరేస్తారు. వాట్సాప్‌లో ఒక తప్పుడు మెసేజ్ చాలు విగ్రహం కూలడానికి. తప్పులతో సహా పరిచయమైన మనిషిని అలా కూల్చలేరు. శాస్త్రీయ దృక్పథాన్నీ ప్రశ్నించే తత్వాన్నీ పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణ చెబుతోంది. ఆ విధి పద్దెనిమిదో ఏట మొదలవుతుందని రాసి లేదు.

ఇప్పుడు దీపం మన మీదికి తిప్పుకుందాం. ఏడేళ్ళ క్రితం మా సంఘం పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో అంబేడ్కర్ మీద రాసింది నేనే. మొన్న తీసి చదివాను. "అవతరించిన యుగపురుషుడు" అని రాశాను! అవతారాల మీద ముప్పై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి. మన సభల్లో పెరియార్ ఫోటోకు, గోరా ఫోటోకు దండలు వేస్తాం. వాళ్ళ మాటల్లో ఒక్కటైనా తప్పని ఏ సభలోనైనా ఎవరైనా అన్నారా? మిత్రులకు కోపం రావచ్చు. భట్‌గాంలో యాత్రికులకూ వచ్చే ఉంటుంది.

అందుకే ఇకనుంచి జీవిత చరిత్ర కొనేముందు నేను ఈ ప్రశ్నలు వేసుకుంటున్నాను. మీరూ వేసుకోండి.

1. ఈ మనిషి ఎవరితో పోరాడాడో వాళ్ళ పేరుందా?
2. పక్కన నిలబడ్డవాళ్ళు కనిపిస్తున్నారా?
3. ఒక్క పొరపాటైనా, ఒక్క ఓటమైనా ఉందా?
4. ఆయన నమ్మకాలు, అపనమ్మకాలు దాచకుండా చెప్పారా?
5. ఆ పోరాటంలో ఇంకా మిగిలిన పని ఏమిటో చెప్పారా?

ఐదింటిలో మూడు లేకపోతే ఆ పుస్తకం అక్కడే వదిలేసి పిల్లకు రంగు పెన్సిళ్ళు కొనండి. వాటితో ఏదో ఒకటి సొంతంగా గీసుకుంటుంది.

ఆ పిల్లకు మీ నాయిన తక్కువవాడు కాదు బిడ్డా, పుస్తకమే తప్పు అని చెప్పాను. బస్సుల కథా, భట్‌గాం కథా చెప్పాను. అంతా విని అడిగింది: "ఆ దీపం మోసినాయన పేరేంది తాతా?"

గాంధీ ప్రసంగంలో ఆ పేరు లేదు. అదే చెప్పాను. "అడిగి రాసుకోవాల్సింది గదా" అంది.

మా సంఘం పుస్తకం రెండో ముద్రణకు వస్తోంది. నా వ్యాసం తీసేసి మళ్ళీ రాస్తున్నాను. అచ్చుకు పంపేముందు ఆ పిల్లకు చూపిస్తాను.