శిలాశాసనములు - మన బాధ్యత

చీరాలకు దక్షిణమున సముద్రతీరమందు మోటుపల్లి యను గ్రామము కలదు. అచ్చటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవుడు 1244లో చెక్కించిన అభయశాసనము నేటికిని ఉన్నది. తుపానుకు చిక్కి యొడ్డునబడిన యోడలలోని సరకును పూర్వరాజులు హరించెడివారు. తాను నియమితమగు సుంకము తప్ప తక్కినదెల్ల వర్తకులకే విడిచెదనని యా ప్రభువు ప్రకటించెను. రాజ్యము గతించినది, రాతిపై నుండుటచేత మాట నిలిచినది.

ఇట్టి శిలలకు జీర్ణోద్ధరణము పేర సున్నము పూయుటయు, వానిని పగులగొట్టి మెట్లకు వాడుటయు భక్తి యనిపించుకొనునా? ఆలయ ధర్మకర్తలును గ్రామపెద్దలును పని యారంభింపక మున్నే పురావస్తుశాఖకు తెలిపి, ప్రతి శాసనమునకును కాగితముపై అచ్చు తీయింపవలెను. గోడ కూలిన మరల కట్టవచ్చును. అక్షరము చెరిగిన మరల రాదు.