ఈఎఫ్ అరవై అంటే ఏడవాలా?

కాయను చూసి ఇది చిన్నరసం, ఇది పెద్దరసం, ఇది బంగినపల్లి, ఇది కలెక్టరు అని మా నూజివీడు ఆడవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. అలాంటివాళ్లే గుండె డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ‘ఏమన్నారు?’ అని అడిగితే ‘ఏమోనమ్మా, అన్నీ అబ్బాయికే చెప్పారు’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గుండె ఎవరిది? అబ్బాయిదా?

మా వీధిలో ఒక పిన్నిగారు ఎకో పరీక్ష చేయించుకున్నారు. రిపోర్టులో ‘ఈఎఫ్ 60 శాతం’ అని ఉంది. ఇంకేముంది! గుండె అరవై శాతమే పనిచేస్తోందట, నలభై పోయిందట అని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నారు. ఆ అరవై పరీక్షలో వచ్చే మార్కులు కావు. గుండెలో ఎడమవైపు కింది గది ఒకసారి ముడుచుకున్నప్పుడు, అందులోని రక్తంలో ఎంత వంతు బయటికి పంపుతోందో చెప్పే లెక్క. ఎంత ఆరోగ్యమైన గుండె అయినా నూటికి నూరూ పంపదు. 55 నుంచి 70 దాకా ఉంటే మామూలే. 40 కంటే తగ్గితే గుండె బలహీనపడిందని అర్థం. కాగితం చేతికిచ్చేటప్పుడే ఈ నాలుగు ముక్కలూ తెలుగులో చెబితే డాక్టర్ల సొమ్మేం పోతుంది?

‘బ్లాకు’ అనే మాట ఇంకో తిరకాసు. గుండెకు రక్తం తెచ్చే నాళంలో కొవ్వు పేరుకుంటే అదొక బ్లాకు. గుండె కొట్టుకోవడానికి లోపల నడిచే విద్యుత్ సంకేతాలకు అడ్డం పడితే అది ‘హార్ట్ బ్లాక్’. మొదటిదానికి స్టెంటు అవసరం కావచ్చు, రెండోదానికి పేస్‌మేకర్. రెంటినీ కలిపేసి చుట్టాలు చెప్పే సలహాలు వింటే ఉన్న గుండె కూడా ఆగుతుంది!

యాంజియోగ్రామ్ పరీక్ష మాత్రమే. మణికట్టు నుంచో తొడ నుంచో సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి, ఎక్స్‌రేలో నాళాల్ని చూస్తారు. మూసుకున్న చోట బుడగతో వెడల్పు చేస్తే అది యాంజియోప్లాస్టీ. మళ్లీ మూసుకోకుండా అక్కడ నిలిపే జాలీ గొట్టమే స్టెంటు. మన హైదరాబాదులోనే 1998లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవకైన స్టెంటు తయారుచేయించారు. అయినా లక్షలు పోసిన కుటుంబాలెన్నో. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు హద్దు పెట్టి, మందు పూసిన స్టెంటు దాదాపు 30 వేలకు మించకూడదంది. పేరు తెలిస్తేనే కదా బిల్లులో ఏది ఎంతో అడగగలం!

గుండెపోటంటే నాళం మూసుకుని గుండె కండరానికి రక్తం అందకపోవడం. అప్పుడు మనిషికి స్పృహ ఉండొచ్చు, మాట్లాడొచ్చు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం, మనిషి కుప్పకూలిపోతాడు. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు కానీ, రెండూ ఒకటి కావు. ఇంకోటి, ఈసీజీ బాగుందంటే నాళాల్లో అడ్డంకులు లేవని పూచీ ఏమీ కాదు.

మన ఆడవాళ్లకు నొప్పి గుండెలోనే రావాలని లేదు. దవడ లాగడం, వీపు నొప్పి, ఆయాసం, వికారం, చెమటలు కూడా రావచ్చు. ఆవకాయ రోజుల్లో ఇవన్నీ పని బడలిక కిందే జమ. ‘గ్యాసేలే’ అని వాము నమిలి మళ్లీ రోటి దగ్గర కూర్చుంటాం. ఆ పూట కారం, ఆవపిండి అలాగే వదిలేసి 108కి ఫోన్ చేయమనండి. ముక్కలు రేపు కలుపుకోవచ్చు.