అద్దములు చాలును, జోడు వద్దు

అయ్యా,

ఉచిత కళ్లజోళ్ల పంపిణీని గూర్చి పత్రికలలో తరచుగా చదువుచున్నాము. తెలంగాణములో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో మొదలైనది. రెండవ విడత 2023 జనవరిలో ఖమ్మములో ఆరంభించిరి. ఆంధ్రప్రదేశములో అదే పేరుతో 2019 అక్టోబరు 10న అనంతపురములో బడిపిల్లలతో మొదలుపెట్టి, పిదప వృద్ధులకును విస్తరింపజేసిరి. మన తమిళనాటను బడిపిల్లలకు, శుక్లములు తీయించుకొన్న పెద్దలకు ఉచితముగా ఇచ్చుచున్నారు. మంచి పనియే, కాదనను. కాని నేను చూచిన శిబిరములన్నిటను జోడు మొత్తముగా ఇత్తురు గాని, అద్దములు మాత్రము చాలునన్న వానికి దారి లేదు.

నా సంగతియే చెప్పెదను. నిరుడు నా భార్యకు శుక్లము తీసినారు. చికిత్స ఉచితము, చక్కగా జరిగినది. తరువాత ఒక శిబిరములో కొత్త పవరుతో జోడు ఇచ్చినారు. ఆమె ముఖము చిన్నది, ఫ్రేము పెద్దది. తల వంచినచో ముక్కు కొనకు జారును. జారినచో చదువుటకు క్రింద అమర్చిన బిళ్ల ఇంకను క్రిందికి పోవును; అక్షరము కనబడదు. రెండు వారములు ఓర్చుకొని దానిని బీరువాలో పెట్టి, పండ్రెండేండ్లుగా అలవాటైన పాత జోడే మరల పెట్టుకొన్నది. ఆ ఫ్రేము దిట్టమైనదే. అందలి అద్దములు మాత్రము చికిత్సకు ముందటివి.

ఒకనాటి రాత్రి రక్తపోటు మాత్ర అనుకొని చక్కెర వ్యాధి మాత్ర రెండవసారి మ్రింగినది. రెండు అట్టలును వెండి రంగువే. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడగా, నేను పంచదార నీళ్లు పట్టితిని. గండము తప్పినది.

మరునాడు ఆ పాత ఫ్రేము చేతబట్టుకొని శిబిరమువారి కడకు పోయి, దీనికి కొత్త అద్దములు వేసి ఇండని అడిగితిని. “అద్దాలు విడిగా ఇవ్వడానికి రూలు లేదు సార్. కావాలంటే ఇంకో జోడు తీసుకోండి” అన్నాడు అక్కడి కుర్రవాడు. వానిని తప్పుపట్టను. వాని రిజిస్టరులో ఆ పద్దు లేదు.

నా చిన్నతనమున ఈ పట్నములో ప్రభుత్వాసుపత్రికి పోవువారు మిక్చరుకు సీసా ఇంటినుండియే తీసికొనిపోయెడివారు. కాంపౌండరు అందులో మందు పోసి, ఎన్ని మోతాదులో చెప్పి పంపెడివాడు. సీసా మాది, మందు సర్కారుది. కంటికి అద్దమే మందు. ఫ్రేము సీసావంటిది.

ఇంగ్లండులో ఈ పద్ధతి కలదని అక్కడ కాపురమున్న మా మేనకోడలు చెప్పగా తెలిసినది. ఆ దేశమున 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు కళ్లజోళ్లు ఉచితముగా ఇచ్చిరి. ఖర్చు తట్టుకొనలేక 1951లో రుసుము పెట్టబూనగా, ఆ సేవను నెలకొల్పిన బెవాన్ మంత్రిపదవికే రాజీనామా ఇచ్చినాడు. 1986 నుండి వోచరు పద్ధతి వచ్చినది. పదునారేండ్లలోపు పిల్లలకు, రాబడి తక్కువైనవారికి పవరునుబట్టి ఇంత మొత్తమని వోచరు ఇత్తురు. దానితో కొత్త జోడు కొనవచ్చును. ఉన్న ఫ్రేముకే కొత్త అద్దములు వేయించుకొననూ వచ్చును. మేనకోడలి కుమారునికి పవరు మారగా ఫ్రేము మార్చకుండనే పని జరిగినదట.

వోచరనిన మన ఆఫీసులవారికి వెంటనే తోచునది దొంగ వోచరు. ఎస్సెల్సీతో గుమాస్తాగా చేరి ముప్పదినాలుగేండ్లు వోచర్లతోనే కాపురము చేసినవాడను, ఆ భయము నాకును తెలియును. పరీక్ష చేసినవారు పవరు వ్రాసి సంతకము పెట్టిన చీటీ, దుకాణదారుని బిల్లు, కళ్లజోడు అందుకొన్నవారి సంతకము, ఈ మూడును సరిపోల్చుట కష్టమైన పని కాదు. అందరి బీరువాలలో పడియున్న ఉచిత జోళ్లను లెక్కించినచో ఏది దుబారాయో ఆడిటువారికే తేలిపోవును. అసలు చిక్కు వేరొకటి కలదు. బిల్లు ఆరు నెలలు మూలబడినచో ఏ దుకాణదారుడును రెండవ చీటీ ముట్టడు. బల్లకు అవతలి వైపున కూర్చుండినవాడను గనుక ఈ మాట చెప్పుచున్నాను. నెలనెల పైకము ముట్టవలెను.

పాత ఫ్రేములన్నియు పనికిరావనుట నిజమే. ఎండి పెళుసెక్కిన ప్లాస్టికు ఫ్రేము అద్దము బిగించునప్పుడే విరుగవచ్చును. అట్టివానికి ఇప్పటివలెనే జోడు ఇత్తురు గాక. ఏది కావలెనో అడిగి ఇమ్మనుటయే నా మనవి. 1819లోనే కంటి ఆసుపత్రి వెలసిన ఊరు మనది. నేటికిని ఎగ్మూరులో అది నడచుచున్నది. ఈ చిన్న మార్పును ఇచ్చటనే మొదలుపెట్టిన బాగుండును.

నా భార్యకు నేను 650 రూపాయలిచ్చి పాత ఫ్రేములోనే అద్దములు వేయించితిని. ఇప్పుడు పంచాంగము తానే చూచుకొనుచున్నది. మా వీధిలో ఇస్త్రీ బండివాడున్నాడు, నెల్లూరు వైపునుండి వచ్చినవాడు. గీతలు పడిన అద్దములతోనే చీరెల అంచులు చూచుకొనుచున్నాడు. శిబిరమునకు పొమ్మనిన ఒకనాటి కూలి పోవుననును. చేతిలో చీటీ యుండినచో సాయంకాలము బండి కట్టివేసి దుకాణమునకు పోయి వేయించుకొనును. ఈ లేఖ వ్రాయుచున్నానని వినినది మొదలు, “ఆ చీటీ ఎప్పుడిస్తారు సామీ?” అని నన్నడుగుచున్నాడు. వానికేమి చెప్పవలెనో ఆరోగ్యశాఖవారు తెలుపగోరెదను.

ఇట్లు,
విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
పశ్చిమ మాంబళం, చెన్నై