కేప్ కోస్ట్ యాత్రకు ముందు

దేశాటనం మనిషి విజ్ఞానాన్ని విశాలం చేస్తుందని పెద్దలు చెబుతూనే ఉన్నారు. అయినా కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అన్న సామెత పుట్టిన దేశం మనది. కనుకనే 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరినప్పుడు పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకొని వెళ్లారు. నేటి విద్యార్థులు సంచీ భుజాన వేసుకొని ఒంటరిగా ఖండాంతరాలకు ప్రయాణం కడుతున్నారు. ఇది హర్షింపదగిన మార్పే. కాని ఆయన చూసిన ప్రతి ఊరి వివరాన్నీ దినచర్యగా రాసిపెట్టిన ఆ జిజ్ఞాస మన యాత్రికులలో ఎందరికి ఉన్నదో ఆలోచించవలసి ఉన్నది.

ఒంటరిగా దూరదేశం చూడగోరే విద్యార్థికి నేను సూచించే ఊరు పశ్చిమ ఆఫ్రికాలో ఘానా దేశపు తీరపట్టణం కేప్ కోస్ట్. సముద్రపు ఒడ్డున తెల్లని గోడలతో అక్కడ ఒక కోట ఉన్నది. 1653లో స్వీడన్ వర్తకులు దానికి పునాది వేశారు. తరువాత అది ఆంగ్లేయుల వశమైంది. 1877లో రాజధాని అక్రాకు మారేవరకు బ్రిటిష్ పాలనకు అదే కేంద్రం. ఆ కోట నేలమాళిగలలో బానిసలను గాలీ వెలుతురూ లేకుండా కుక్కి, ఓడ వచ్చినప్పుడు ఒక చిన్న ద్వారం గుండా సముద్రం మీదికి పంపేవారు. పురుషులను బంధించిన మాళిగకు పైన ప్రార్థనా మందిరం ఉండేది. సమీపంలోని ఎల్మినా కోట ఇంకా పాతది. పోర్చుగీసువారు దానిని 1482లో నిర్మించారు. ఈ తీరంలోని కోటలను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ప్రయాణపు ఏర్పాట్లు కష్టమైనవి కావు, కాని క్రమం తప్పరాదు. మొదటిది పసుపు జ్వరపు టీకా. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే దానిని వేయించుకోవాలి. వేయించుకున్న పది రోజులకు గాని ధ్రువపత్రం చెల్లదు. అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే నిర్బంధ వైద్య పరిశీలనలో ఉంచవచ్చు. మలేరియా మందుల కొరకు వైద్యుని సంప్రదించాలి. వానలు ఎక్కువగా ఉండే మే, జూన్ నెలలు ప్రయాణానికి అనుకూలం కావు. అక్రా నుండి కేప్ కోస్ట్ సుమారు 150 కిలోమీటర్లు. పగటిపూటే చేరేటట్లు బయలుదేరడం వివేకం. అక్కడ ఎడమచేతితో ఇచ్చిపుచ్చుకోవడం అమర్యాద. దారి అడిగే ముందు కుశలం అడగాలి. మన ఇళ్లలో నేర్చిన మర్యాదే అక్కడా పనికివస్తుంది. ఒంటరి ప్రయాణమంటే ఎవరికీ చెప్పని ప్రయాణం కాదు. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంటివారికి రాసి ఇవ్వడం ధైర్యానికి లోపం కాదు.

అయితే అసలు సన్నాహం వేరే ఉన్నది. ఆ కోటను చూసి, ఇది తెల్లవారి పాపమని నిట్టూర్చి తిరిగిరావడం సులభం. ఆ తీరంలో బానిసలను కొనడానికి వర్తకులు ఇచ్చిన సరకులలో తుపాకులు, మద్యం, లోహాలతో పాటు భారతదేశపు నూలుబట్టలు కూడా ఉండేవి. వాటిలో కోరమండల్ తీరపు నేత ఒకటి. మచిలీపట్నంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తక స్థానాలు పెట్టుకొన్నది బట్టల కొరకే. రంగు అద్దిన భారతీయ వస్త్రాల వాడకాన్ని ఇంగ్లండులో 1700 నాటి చట్టం నిషేధించినా, వాటిని ఇతర దేశాలకు ఎగుమతి చేయడాన్ని అడ్డగించలేదు. ఆ ఎగుమతికి ఆఫ్రికా ఒక ముఖ్యమైన విపణి. బయానా తీసుకొని మగ్గం ముందు కూర్చున్న మన నేతగానిపై ఈ నేరం మోపడం అన్యాయం. కాని అతని చేతి నైపుణ్యం ఒక మనిషి వెలగా మారిన చరిత్రను తెలుగువాడు తెలియకుండా ఆ కోటలో అడుగుపెట్టడం కూడా న్యాయం కాదు.

ఆ దేశపు రచయితలు తమ వైపు దోషాన్ని దాచలేదు. ఆమా అటా ఐడూ 1970లో ప్రచురించిన అనోవా నాటకంలో బానిసలను కొని ధనవంతుడైన ఆఫ్రికన్ భర్తను భార్యే నిలదీస్తుంది. వారికి ఉన్న నిజాయితీ మనకూ ఉండాలి కదా!

ఒంటరిగా పొమ్మనడానికి కారణం కూడా ఇదే. గుంపుతో పోయినవాడు గుంపు మాటలే వింటాడు. 1998లో అమెరికా, జమైకాలలో మరణించిన ఇద్దరు బానిసల అవశేషాలను ఆ ద్వారం గుండానే లోపలికి తెచ్చి స్వదేశంలో సమాధి చేశారు. 2019లో ఘానా ప్రభుత్వం ఆఫ్రికన్ సంతతివారిని తిరిగి రమ్మని ఆహ్వానించింది. పూర్వికులను తలచుకొని ఆ మాళిగలలో కన్నీరు పెట్టే వారి పక్కన నిలబడినప్పుడు కెమెరాను సంచీలో ఉంచి మౌనంగా ఉండగల సంస్కారం కావాలి.

ఇందుకు విద్యార్థులకు సాధనం గ్రంథాలయం. ఐరోపా చరిత్రకు అలమరలు కేటాయించిన మనం ఆఫ్రికాకు ఒక్క అర అయినా కేటాయించాలని కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం. విద్యార్థులారా! విమానం టిక్కెట్టుకు ముందు ఒకసారి మచిలీపట్నం వెళ్లి, ఆ పాత రేవును చూడండి. కేప్ కోస్ట్ యాత్ర అక్కడి నుండే ఆరంభం కావాలి.